నల్ల నువ్వుల మీద నెపం

నా భార్య దారిషాను పోగొట్టుకున్న రోజున వాన లేదు. అక్టోబరు చివరికి షిల్లాంగ్ దిగువన మా కొండల్లో వానలు వెళ్ళిపోతాయి. సమాధి మీద పోసిన మట్టి పొడిగా ఉండడం చూసి, "పోయేటప్పుడైనా తడవలేదు, అదృష్టవంతురాలు" అని ఎవరో ముసలామె అంది. చర్చి పాటలు పాడడానికి వచ్చినవాళ్ళు మూడు రాత్రులు మా ఇంట్లో కూర్చుని, టీ తాగి, వక్కాకు చుట్టిన క్వాయ్ నమిలి, ఆ తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరం మిగిలాం. నేను, దారిషా తల్లి ద్రోలిన్.

ఆవిడను నేను మేయ్ అని పిలుస్తాను. అమ్మా అన్నట్టే. ఆవిడ నన్ను బాబూ అంటుంది. అది ముద్దు కాదు, మా కొండల్లో బడిపంతుళ్ళందరూ బాబులే.

మాకు పిల్లలు లేరు. మా వాళ్ళలో పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి వచ్చి ఉంటాడు, భార్య పోయి పిల్లలు లేకపోతే తన తల్లి ఇంటికి తిరిగి వెళ్ళిపోతాడు. మా అమ్మ ఎప్పుడో పోయింది, ఆ ఇల్లు ఇప్పుడు మా చెల్లెలిది. నువ్వు పడుకోడానికి గది ఖాళీ చేయించాను, ఎప్పుడొస్తున్నావు అని సుమోలు నడిపేవాళ్ళతో కబురు పంపుతూనే ఉంది. మేయ్ తమ్ముడు లాంబర్ మేముండే ఈ ఇంటికి మేనమామ. ఏ నిర్ణయమైనా ఆయన నోటి నుంచి రావాలి. ఆయన సమాధి దగ్గరే నా భుజం మీద చెయ్యి వేసి, "చలికాలం సెలవులయ్యేదాకా ఉండు బాబూ, తర్వాత చూద్దాం" అన్నాడు. ఉండిపోయాను. దారిషా చిన్నప్పుడు ఎట్లా నడిచేదో, దేనికి అలిగేదో తెలిసిన మనిషి ఈ లోకంలో ఇంకొకరున్నారు అంటే అది మేయ్ ఒక్కతే. ఆవిడ కూడా పోతే ఆ ఇంట్లో దారిషా పేరు ఎత్తడానికి నాకు ఎవరూ ఉండరు.

అయితే ఆవిడా ఎత్తేది కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు. మేయ్ మాట్లాడడం తగ్గించి, నువ్వులు నూరడం పెంచింది.

ఎనిమిది రోజులకొకసారి వచ్చే సంతకు వెళ్ళినప్పుడల్లా నల్ల నువ్వులు తెచ్చేది. పొయ్యి పక్కన కూర్చుని వేయించి, రోట్లో వేసి, నూనె తేలేదాకా నూరేది. సంత రోజున పంది మాంసంలో ఆ ముద్ద కలిపేది. మిగతా రోజుల్లో గుమ్మడికాయలో, ఎండుచేపలో, ఏదీ లేకపోతే ఉత్త అన్నంలో. అది దారిషాకు ప్రాణం. కడుపులో క్యాన్సర్ అని తేలాక, చివరి నెలల్లో, ముద్ద నోటిదాకా తెచ్చుకుని దించేసేది. ఆమె తినకుండా వదిలేసినదంతా మేయ్ నా కంచంలో పెడుతున్నట్టు ఉండేది. నేను వద్దనలేదు. ఆవిడా అదే తినేది.

క్రిస్మస్ వెళ్ళాక చూశాను, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ పిడికిలి బిగించి రొమ్ము ఎముక కింద నొక్కుకుంటోంది.

"ఏమిటి మేయ్?"

"గాలి."

రెండు ముద్దలు తింటే తగ్గేది. కాసేపయ్యాక మళ్ళీ మొదలయ్యేది. తెల్లవారుజామున ఆవిడ లేచి చీకట్లోనే పొయ్యి రాజేయడం నా గదిలోకి వినిపించేది. ఆవిడకు మోకాళ్ళ నొప్పి ఎప్పటి నుంచో ఉంది. సంతలో మందుల కొట్టతను ఇచ్చే బిళ్ళలు పొద్దున్నే ఉత్త కడుపున, పాలు లేని ఎర్ర టీతో వేసుకునేది. వేసుకుంటే మెట్లు దిగగలిగేది. ఆ బిళ్ళలు ఆవిడ క్వాయ్ సంచిలో తమలపాకుల మధ్యన ఉండేవి.

జనవరిలో ఊట సన్నబడింది. ఆరునెలలు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసే చోట, జనవరి వచ్చేసరికి చెంబు నీళ్ళకు ఆలోచించాలి. మా ఇల్లు పీఠభూమి అంచుకు కాస్త కింద, వాలులో ఉంటుంది. పైన రోడ్డు, కింద లోయ, మధ్య రాతి మెట్లు. బడికి సెలవులు కాబట్టి నీళ్ళు మోయడం నా పని చేసుకున్నాను. మరుగుదొడ్డికి మనిషికి ఒక చెంబు అని మేయ్ హద్దు పెట్టింది.

ఒక పొద్దున ఆవిడ వెళ్ళొచ్చాక నేను వెళ్ళాను. ఆవిడ తన చెంబు నీళ్ళు పోసి వచ్చినా పోలేదు. తారులా నల్లగా అంటుకుని ఉంది. నా చెంబు కూడా పోశాను. కొంచెం కదిలింది, పూర్తిగా పోలేదు. అప్పుడు వాసన తెలిసింది.

ఆ వాసన నాకు తెలుసు. ఆగస్టులో, షిల్లాంగ్ ఆసుపత్రిలో, దారిషా మంచం కింద నుంచి పళ్ళెం తీస్తున్నప్పుడు నర్సు నన్ను ఆపింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. "ఇది రక్తం. పైన కడుపులో కారింది, కిందికి వచ్చేసరికి ఇట్లా నల్లబడుతుంది. ఈ రంగు మళ్ళీ కనిపిస్తే ఏ వేళైనా సరే నన్ను పిలవండి" అంది. తర్వాత చాలాసార్లు పిలిచాను.

చెంబు పట్టుకుని ఆ వాలులో కాసేపు నిలబడ్డాను. ఇలాంటి మాట మనిషి భార్యతో చెప్పగలడు. అత్తగారితో ఎట్లా మొదలుపెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు.

పొయ్యి దగ్గర మేయ్ క్వాయ్ చుడుతోంది. పచ్చి వక్క చీల్చి, ఆకుకు సున్నం రాస్తోంది.

"మేయ్, కడుపు నొప్పి ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, కడుపులోనే ఉంది."

"ఇంకేమైనా తేడా ఉందా... బయటికి వెళ్ళినప్పుడు?"

"బయటికి పోతే గాలి వేస్తోంది."

"అది కాదు. రంగు."

సున్నం రాస్తున్న వేలు ఆగింది. ఆవిడ నన్ను కాకుండా పొయ్యిని చూసి అడిగింది. "బాబూ, నీ సెలవులు ఎప్పుడైపోతాయి?"

"నల్లగా ఉంది మేయ్. నేను చూశాను."

"క్వాయ్ తింటే నోరు ఎర్రబడుతుందా లేదా?"

"పడుతుంది."

"నువ్వులు తింటే కింద నల్లబడుతుంది. పైదానికి అక్కర్లేని డాక్టరు కిందదానికెందుకు? మా అమ్మ తిన్నది, వాళ్ళమ్మ తిన్నది. ఈ కొండమీద అందరిదీ నలుపే."

నాకు చెప్పడానికి ఒక మాట ఉంది. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బదులుగా, ఒకసారి షిల్లాంగ్ వెళ్ళి చూపిద్దాం అన్నాను.

ఆవిడ చుట్టిన క్వాయ్ నా చేతిలో పెట్టింది. గొంతు పెంచలేదు. "ఆ గుమ్మం నేను మళ్ళీ తొక్కను. పిల్లను నడిపించుకుని తీసుకెళ్ళాను, పెట్టెలో పెట్టి తెచ్చుకున్నాను. అయినా వెళ్ళాలా వద్దా అన్నది లాంబర్ చెప్పాలి. నువ్వు కాదు."

తిట్టినట్టు కాదు. ఉన్న మాట అన్నట్టు.

లాంబర్ మామ భార్య ఊరు లోయలో ఉంది. మర్నాటి దాకా ఆగలేక అప్పుడే మెట్లు దిగాను. ఆయన ఇంటి ముందు పోకచెట్ల నీడలో కూర్చుని వక్కలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి పీట జరిపాడు. చెప్పాల్సింది చెప్పాను. వింటూ వింటూ ఆయన కత్తి కింద పెట్టాడు.

"ఆగు. నువ్వు మా అక్క దొడ్డికి వెళ్ళింది చూశావా?"

"నీళ్ళు లేవు కదా మామా. కనిపించింది."

"సెలవులిస్తే పంతుళ్ళు పుస్తకాలు చదువుతారనుకున్నాను. చదివేది ఇదన్నమాట!" లోపల ఉన్న భార్యకు వినిపించేట్టు నవ్వాడు. "ఏమోయ్, బయట బట్టలారేసే తాడుకు ఒక తెర కట్టు, బాబు వచ్చాడు."

"నవ్వండి మామా. కానీ వినండి. దారిషాకు కూడా ఇట్లాగే..."

ఆ పేరుతో నవ్వు ఆగింది. ఆయన మళ్ళీ కత్తి తీసుకుని ఒక వక్క ఒలిచాడు. ఇంకొకటి ఒలిచాడు.

"ఇంట్లో నువ్వులు నూరుతోందా?"

"రోజూ."

"మరి అదే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, బాధొస్తే అక్క రోలు ముందేసుకుంటుంది. మా నాన్న పోయినప్పుడూ అంతే." వక్క తొక్క దూరంగా విసిరాడు. "సంత రోజున పైకి వస్తాను. చూస్తాను. అంతదాకా ఆసుపత్రి మాట ఎత్తకు. పోయినసారి కోతకు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు? నేను. ఆ చెయ్యే ఇది. మళ్ళీ దీంతో పెట్టించకు బాబూ."

ఆయన చేతివైపు చూశాను. వక్క పసరుతో వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆయన భార్య కమలాలు మూటకట్టి ఇస్తే తీసుకుని మెట్లెక్కాను.

ఊట దగ్గరికి వచ్చేసరికి మేయ్ అక్కడే ఉంది. నేను ఆలస్యం చేశానని తనే నీళ్ళకు వచ్చింది. డబ్బా సగం నిండి ఊట కింద ఉంది. ఆవిడ రాయి మీద కూర్చుని, రెండు చేతులూ రాయికి ఆనించి, దిగువకు చూస్తోంది.

"కళ్ళు తిరిగాయి. కూర్చున్నా. ఇంకేం లేదు."

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. చలిగాలి వీస్తుంటే చెమట. పెదవుల మీద క్వాయ్ ఎరుపు ఉంది, దాని కింద రంగు లేదు. కింది కనురెప్ప లాగి చూపించమని అడగడానికి కూడా అక్కర్లేకపోయింది.

"లాంబర్ ఏమన్నాడు?"

వెళ్ళమన్నాడు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆవిడ నమ్మేది. కానీ ఆ ఇంట్లో నాకు మిగిలినదల్లా నా మాట మీద నమ్మకం ఒక్కటే.

"సంత రోజున వస్తానన్నాడు."

"అయితే సంత రోజునే."

"అంతదాకా మీరు ఉండరు మేయ్."

"అది చెప్పడానికి నువ్వెవరు?"

"ఎవర్నీ కాదు."

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఊటలో నీళ్ళు సన్నటి దారంలా డబ్బాలో పడుతున్నాయి. పొయ్యి దగ్గర ఆగిపోయిన మాట అక్కడ చెప్పాను.

"మనిద్దరం ఒకే కుండలోది తింటున్నాం మేయ్. దారిషా పోయినప్పటి నుంచి. మీరు ఎన్ని నువ్వులు తిన్నారో నేనూ అన్ని తిన్నాను. ఇంకా ఎక్కువే తిన్నాను, నాకే ఎక్కువ పెడతారు కదా."

"అయితే?"

"నాది నల్లగా లేదు."

"ఏది నల్లగా లేదు?"

"మేయ్."

"చెప్పు బాబూ. బడిలో పిల్లలకు చెప్పినట్టు విడమర్చి చెప్పు."

"నాది మట్టి రంగు. మధ్య మధ్య నువ్వుల పొట్టు నల్లగా కనిపిస్తుంది. ఒక చెంబు నీళ్ళకు పోతుంది. మీది తారులా అంటుకుంటుంది. రెండు చెంబులు పోసినా పోవడం లేదు."

ఆవిడ నోరు తెరిచింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది. గట్టిగా కాదు, ఓపిక లేదు, భుజాలు కదిలాయి. అక్టోబరు నుంచి ఆ నవ్వు నేను చూడలేదు.

"ఇన్నేళ్ళ అల్లుడివి. నాతో ఇంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడింది దీని గురించా!"

"దారిషాది చివర్లో ఇట్లాగే ఉండేది," అన్నాను. "పళ్ళెం తీసింది నేనే. నాకు తెలుసు."

నవ్వు పోయింది. "నాకెవరూ చెప్పలేదే."

"అమ్మకు చెప్పొద్దు అంది."

డబ్బా నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. నీళ్ళు వృథా అయితే ఊరుకోని మనిషి, చూస్తూ ఊరుకుంది.

"ఆ ఆసుపత్రి వద్దు," అంది చివరికి.

"వేరేది ఉంది."

"మెట్లెక్కగలను."

"ఎక్కకూడదు. కిట్‌బోక్ బుట్టలో మోసుకొస్తాడు."

"బుట్టలోనా? నేను ఈ మెట్ల మీద మనుషుల్ని మోసిన దాన్ని. ఇప్పుడు లోయ చూడ్డానికొచ్చిన పట్నం మనిషిలా కాళ్ళాడిస్తూ కూర్చోవాలా?"

కిట్‌బోక్ పక్కింటివాడు, బొగ్గు బస్తాలు మోసిన వీపు. కుర్చీలాంటి మోత బుట్ట తెచ్చి, పట్టీ నుదుటికి బిగించుకుని, వంగి నిలబడ్డాడు. ఆవిడను ఎత్తి కూర్చోబెట్టాను. లేచి నిలబడి వాడు అన్నాడు, "మేయ్, మీరు బంగాళాదుంపల మూటంత కూడా లేరు."

"బంగాళాదుంపలు తిట్టవు. నేను తిడతాను. అడుగు చూసి వెయ్యి."

పైన ప్రామిస్ అనే అతని సుమో ఉంది. ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది, నిలబెట్టుకోవడం అతనికి రాలేదు అని ఊళ్ళో అంటారు. ఆ రోజు మాత్రం మిగతా జనం కోసం ఆగకుండా మమ్మల్ని ఇద్దర్నే ఎక్కించుకుని బయల్దేరాడు. దారిలో మేయ్ ఒకసారి వాంతి చేసుకుంది. టీ పొడి కలిపిన నీళ్ళలా ఉంది. ప్రామిస్ అద్దంలో చూసి, పాటలు ఆపేసి, వేగం పెంచాడు. దారిలో ఉన్న చిన్న ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, ఇక్కడ ఆగొద్దు, నేరుగా షిల్లాంగ్ వెళ్ళండి అని పంపేశారు.

షిల్లాంగులో డాక్టరు చిన్నమ్మాయి. మా వైపు పిల్లే, మాటలో తెలుస్తోంది. రక్తం ఎక్కించడానికి సూది గుచ్చుతూనే అడిగింది.

"నల్లగా ఎప్పటి నుంచి వస్తోంది మేయ్?"

"క్రిస్మస్ ముందు నుంచి," అంది మేయ్. అది నాకూ కొత్త మాటే.

"మొదటి రోజే రావాల్సింది."

"ఇంట్లో రోజూ నువ్వులమ్మా, అందుకని..."

"మా అమ్మ వంటలోనూ నువ్వులే. నువ్వులు రంగు ఇస్తాయి మేయ్. జిగురు ఇవ్వవు. ఆ వాసన ఇవ్వవు. కళ్ళు తిప్పవు." తర్వాత నా వైపు తిరిగింది. "బడిలో చెబుతారు కదా బాబూ, ఇది కూడా చెప్పండి. కడుపు నొప్పి ఉండి, రంగు మారింది అంటే చూపించుకోవాలి. నల్లబడినా, నెత్తురులా ఎర్రగా వచ్చినా, సున్నంలా తెల్లబడినా సరే. రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము బిళ్ళలకు కూడా నల్లగా వస్తుంది, కానీ అది బిళ్ళ వల్లో కాదో మేం తేలుస్తాం, మీరు ఇంట్లో తేల్చుకోకండి. తారులా ఉంటే, వాంతిలో పడితే, కళ్ళు తిరిగితే, తెల్లారేదాకా కూడా ఆగొద్దు."

నొప్పి మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే మేయ్ క్వాయ్ సంచి నాకిచ్చింది. ఆకుల మధ్య నుంచి బిళ్ళల అట్ట తీశాను. డాక్టరమ్మాయి అట్ట తిప్పి చూసి, జేబులో వేసుకుంది. "ఇవి ఇక ముట్టుకోవద్దు. మోకాళ్ళకు వేరే చూద్దాం."

గొట్టం లోపలికి పంపి చూశారు. కడుపులో పుండు, దానిలో ఒక రక్తనాళం తెగి కారుతోంది. అక్కడే పట్టీలాంటిది వేసి ఆపారు. పుండు అంచు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆసుపత్రి వేరే. బెంచీ మాత్రం అదే రకం, ఆకుపచ్చ రంగు వేసినది. పక్కన ఎవరూ లేరు.

లాంబర్ మామ మర్నాడు వచ్చాడు. కిట్‌బోక్ కబురు చెప్పాడట. వరండాలోనే నన్ను పట్టుకున్నాడు.

"ఎవరు తీసుకురమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు మామా."

"నా మాట లేకుండా?"

"మీ మాట సంత రోజుకు ఉంది. ఆవిడ అంతదాకా ఆగేట్టు లేదు."

ఆయన ఇంకా ఏదో అనబోయి, తలుపు సందులోంచి అక్కను చూశాడు. రక్తం సీసా వేలాడుతోంది. వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. క్వాయ్ తీయబోతే నర్సు వేలు చూపించింది, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"సంతకం ఎవరు పెట్టారు?"

"నేను."

"ఊఁ," అన్నాడు. తన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి నా మోచేతి దగ్గర అంటించిన దూదిని చూశాడు. "ఇదేంటి?"

"రక్తం ఇచ్చాను."

"అక్కకా?" ఆయన ముఖం కొంచెం వెలిగింది. "అయితే ఇక నిన్ను బయటివాడనడానికి లేదు. మా వంశంలో ఒక సీసా నువ్వు ఉన్నావు."

"కాదు మామా. నాది ఆవిడకు సరిపడదు. నాది ఇంకెవరికో వెళ్తుంది. ఆవిడకు ఇంకెవరిదో ఎక్కించారు."

"అట్లాగా. అయితే నువ్వింకా బయటివాడివే," అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు సాయంత్రం మేయ్ మంచం పక్కన మగవాళ్ళు ఒకరే ఉండాలంటే, నేను లేచి బయటికి వచ్చాను.

ముక్కల పరీక్షలో క్యాన్సర్ కనిపించలేదు. మందులిచ్చి పంపించారు. మెట్లు దిగేటప్పుడు కూడా కిట్‌బోక్ బుట్ట తెచ్చాడు. ఈసారి ఆవిడ తిట్టలేదు, కళ్ళు మూసుకుని కూర్చుంది.

నువ్వులు మానమని డాక్టరు చెప్పలేదు. మేయే మానేసింది. రోలు కడిగి గోడకు ఆనించింది. "ఇప్పుడు తింటే ఏది ఏదో తెలియదు," అంది. అది నిజమే. ఇప్పుడు పొద్దున్నే ఆవిడ పైకి వచ్చి, చెంబు బోర్లించి, పొయ్యి దగ్గర కూర్చుంటూ నాకు ఒక్క మాట చెబుతుంది.

"మట్టి రంగు."

"మంచిది మేయ్."

చాలా రోజుల్లో మా ఇద్దరి మధ్య నడిచే మాటలు ఇవే. వేరే ఎవరైనా వింటే నవ్వుతారు. ఆ మాట వినే దాకా నేను టీ తాగను.

బిళ్ళలు లేవు కాబట్టి మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. మధ్యాహ్నాలు గుమ్మంలో ఎండలో కూర్చుని వాటికి నూనె రాసుకుంటుంది. ఒకరోజు అట్లా రాసుకుంటూ, నేను అడగకుండానే, దారిషా చిన్నప్పుడు బురద తినేదని చెప్పింది. కొట్టినా మానలేదట. ఎర్రమట్టి తిని ఎర్రగా వెళ్తే, పిల్ల చచ్చిపోతోందని లాంబర్‌ను లోయలోంచి పరుగెత్తించిందట. అంతవరకు చెప్పి ఆగింది. నేను ఇంకా చెబుతుందని చూశాను. ఆవిడ నూనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బడి తెరిచారు. చెల్లెలు మళ్ళీ కబురు పంపింది. సెలవులయ్యాక చూద్దాం అన్న మాట లాంబర్ మామకు గుర్తుందో లేదో, ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

కడుపులో పుండు మానిందో లేదో మళ్ళీ గొట్టం వేసి చూడాలని డాక్టరమ్మాయి మరీ మరీ చెప్పింది. మొదటిసారి తీసిన ముక్కల్లో ఏమీ లేకపోయినా, మానని పుండును నమ్మకూడదంది. మార్చి నెలాఖరుకు రమ్మంది. మేయ్‌కు రెండుసార్లు గుర్తు చేశాను. "ఏమీ లేదన్నారుగా," అంటుంది. దారిషాకు కూడా మొదటిసారి ఏమీ లేదనే అన్నారు. అది ఆవిడకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆవిడ అందుకే వెళ్ళనంటోంది, నేను అందుకే వెళ్దామంటున్నాను. ఈ మాట ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

ఏప్రిల్ వచ్చింది. రెండో పరీక్ష ఇంకా చేయించలేదు.